లినక్స్‌లో కార్డ్ రీడర్ పలకకపోతే

విజయనగరంలో సిరిమానోత్సవమో, అరసవల్లిలో రథసప్తమో ముగిసిన మర్నాడు కెమెరా కార్డు ల్యాప్‌టాప్‌లో పెడితే ఏమీ కనిపించకపోతే కంగారు సహజమే. లినక్స్‌ను తిట్టి విండోస్ ఎక్కించే ముందు తేల్చుకోవలసింది ఒక్కటే: కనిపించనిది రీడరా, కార్డా, కార్డులోని ఫైళ్లా? మూడింటికీ మందులు వేరు. ఈలోగా తెర మీద ‘ఫార్మాట్ చేయమంటారా’ అని వస్తే మాత్రం నొక్కకండి.

టెర్మినల్ తెరిచి ‘సుడో (sudo) డీఎంఈఎస్‌జీ -డబ్ల్యూ’ నడిపి, అప్పుడు కార్డు పెట్టండి. లినక్స్ మూలభాగమైన కెర్నెల్ చెప్పే సందేశాలు అందులో వెంటవెంటనే కనిపిస్తాయి. ఆదేశాలన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోనే కొట్టాలి.

కార్డు పెట్టినా ఒక్క వాక్యమూ రాదు

రీడర్‌నే గుర్తించలేదన్న మాట. ల్యాప్‌టాప్‌లోని పరికరాల జాబితాలు చూపే ‘ఎల్ఎస్‌పీసీఐ -కే’, ‘ఎల్ఎస్‌యూఎస్‌బీ’ రెండూ చూడండి. చాలా ల్యాప్‌టాప్‌లలో ఉండేది రియల్‌టెక్ రీడర్. అది పీసీఐ రకమైతే ‘ఆర్‌టీఎస్‌ఎక్స్_పీసీఐ’, యూఎస్‌బీ రకమైతే ‘ఆర్‌టీఎస్‌ఎక్స్_యూఎస్‌బీ’ అనే డ్రైవర్ కావాలి. మొదటిది 3.8 నుంచే కెర్నెల్‌లో ఉంది. కాబట్టి ఎక్కడో దొరికిన పాత సోర్సు కోడ్ దించి కంపైల్ చేయడం వృథా శ్రమ, ఒక్కోసారి కొత్త తలనొప్పి కూడా. జాబితాలో రీడర్ ఉండి డ్రైవర్ పేరు లేకపోతే ‘సుడో మోడ్‌ప్రోబ్ (modprobe)’ పక్కన ఆ పేరు రాసి ఎక్కించండి. రీడరే లేకపోతే బయోస్‌లో (ల్యాప్‌టాప్ ఆన్ కాగానే తెరుచుకునే సెట్టింగుల్లో) ఆపేసి ఉందేమో చూడండి. కొన్ని రీడర్లు ఖాళీగా ఉన్నప్పుడు జాబితాలోకే రావు. కార్డు లోపల ఉంచి ల్యాప్‌టాప్ ఆన్ చేయాలి.

స్లీప్ నుంచి లేచాక పనిచేయదు

విద్యుత్ పొదుపు ఏర్పాటు రీడర్‌ను నిద్రపుచ్చి లేపడం మరిచిపోయింది. ‘మోడ్‌ప్రోబ్ -ఆర్’తో డ్రైవర్‌ను దించి మళ్లీ ఎక్కిస్తే తరచూ సరిపోతుంది. విద్యుత్ పొదుపు ప్రోగ్రామ్ టీఎల్‌పీ వాడుతుంటే దాని సెట్టింగుల్లో ఈ రీడర్‌కు మినహాయింపు ఇవ్వండి.

‘ఎర్రర్ -110’ అని వస్తుంది

రీడర్ పిలిచింది, కార్డు గడువులోగా పలకలేదు. సాఫ్ట్‌వేర్ జోలికి పోకుండా ముందు మైక్రో ఎస్‌డీ అడాప్టర్ మార్చండి. నా అనుమానం ఎప్పుడూ మొదట దాని మీదకే పోతుంది. తర్వాత కార్డు మీది బంగారు రంగు పట్టీలు చూడండి. కళింగపట్నం, భావనపాడు వంటి చోట్ల ఉప్పుగాలికి, చెమ్మకు లోహం మసకబారుతుంది. మెత్తని గుడ్డకు కొద్దిగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది పట్టీలు తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి పెట్టండి. గుడ్డను స్లాటులోకి దూర్చవద్దు.

కార్డు కనిపిస్తుంది, తెరుచుకోదు

డిస్కుల జాబితా చూపే ‘ఎల్ఎస్‌బీఎల్‌కే’లో ‘ఎంఎంసీబీఎల్‌కే0’ అనే పేరు, సరైన పరిమాణం కనిపిస్తే రీడర్ బాగానే ఉంది. 64 జీబీ, ఆపై కార్డులు ఎక్స్‌ఫ్యాట్ అనే ఫైల్‌సిస్టమ్ (ఫైళ్లు అమర్చే పద్ధతి)తో వస్తాయి. 2020లో వచ్చిన 5.7 కెర్నెల్ నుంచి దీనికి పూర్తిస్థాయి డ్రైవర్ ఉంది. పాత లినక్స్ అయితే ‘ఎక్స్‌ఫ్యాట్-ఫ్యూజ్’ ప్యాకేజీ వేసుకోండి. మరీ పాత ల్యాప్‌టాప్ రీడరైతే 32 జీబీ దాటిన కార్డునే చదవలేకపోవచ్చు; అప్పుడు ప్యాకేజీలతో లాభం లేదు.

చదువుతుంది, రాయదు

కార్డు పక్కనున్న చిన్న లాక్ మీటను పైకి జరపండి. మీట సరిగానే ఉంటే ఫైల్‌సిస్టమ్ దెబ్బతిని ఉండవచ్చు. ముందు ఫొటోలన్నీ కాపీ చేసుకుని, ఆ తర్వాతే ఫైల్‌సిస్టమ్‌ను సరిచేసే ‘ఎఫ్ఎస్‌సీకే’ నడపండి.

అదే కార్డు ఇంకో కంప్యూటర్‌లో తెరుచుకుని, ఇంకే కార్డూ మీ ల్యాప్‌టాప్‌లో పలకకపోతే లోపం రీడర్‌దే. దానికోసం బోర్డు విప్పించే కంటే యూఎస్‌బీ రీడర్ కొనుక్కోవడం చవక. లినక్స్ దాన్ని పెన్‌డ్రైవ్‌లాగే చూస్తుంది కాబట్టి పైన చెప్పిన రియల్‌టెక్ డ్రైవర్లతో పనిలేదు.