ఈడీని ఎలా పలకాలో గొంతు చెబుతుంది

ఇంగ్లిష్‌లో పాస్ట్ టెన్స్ రాసేటప్పుడు చాలా క్రియలకు చివర ఒకే ఈడీ (-ed). చదవబోతే మాత్రం 'వర్కెడ్', 'ఆస్కెడ్', 'వాషెడ్' అని నోటికొచ్చేస్తుంది. అసలు ఎడ్ అని విడిగా పలకాల్సినవి కొన్నే.

ముందు అసలు క్రియ ఏ శబ్దంతో ముగుస్తుందో చూడండి. ట్ గానీ డ్ గానీ అయితేనే విడిగా పలకాలి: వాంటెడ్, స్టార్టెడ్, నీడెడ్, డిసైడెడ్. మిగతా వాటికి రెండు వేళ్లు గొంతు మీద ఆనించి, ఆ చివరి శబ్దాన్ని మాత్రమే పలకండి. అదురు తెలియకపోతే ట్: వర్క్ట్, హెల్ప్ట్, వాష్ట్, వాచ్ట్. అదిరితే డ్: కాల్డ్, క్లీన్డ్, లివ్డ్, ప్లేడ్.

మన వాళ్లకు తేడా వచ్చేది ఇక్కడే. తెలుగు అలవాటు కొద్దీ 'వర్కు' అంటాం. ఆ చివరి 'ఉ' వల్ల గొంతు ప్రతిసారీ అదురుతుంది, లెక్క తప్పుతుంది. పొల్లు హల్లు దగ్గరే ఆపాలి. వర్క్ట్ అనడం కష్టమైతే తర్వాతి మాటతో కలిపేయండి: 'వర్క్ట్ ఆన్' కాస్తా 'వర్క్ టాన్' అవుతుంది, నాలుక సులువుగా తిరుగుతుంది.

స్పెల్లింగ్‌ను నమ్మొద్దు. లాఫ్ చివర రాసేది జీహెచ్, వినిపించేది ఫ్. కాబట్టి లాఫ్ట్.

వెంట్, కట్, బాట్ లాంటి ఈడీ లేని రూపాలకు ఇది పనికిరాదు, వాటిని గుర్తుపెట్టుకోవాల్సిందే. 'దుష్టుడైన' అనే అర్థంలో వచ్చే వికెడ్ క్రియ కాదు, విశేషణం. అందుకే క్ తర్వాత కూడా దాన్ని ఎడ్ అనే పలుకుతారు.