ఒకే నాటకం మీద వచ్చిన సినిమాలను పోల్చడం ఎలా?

చిత్తూరు పక్క పల్లెల్లో భారతం, అంటే మహాభారత కథను నాటకంగా ఆడే పండగ, జరిగేటప్పుడు అర్జున తపస్సు ఘట్టం చూసి వచ్చినవాళ్ల మాటలు వినండి. కథ ఎలా ఉందని ఎవరూ అడగరు. పోయినేడు అర్జునుడి వేషంలో తపస్సు మాను (ఎత్తయిన స్తంభం) ఎక్కినాయన పద్యం ఎట్లా పాడాడు, ఈయన ఎట్లా పాడాడు, అదీ చర్చ. సినిమాలనూ అలాగే చూడాలి.

షేక్‌స్పియర్ 'మ్యాక్‌బెత్' తీసుకుందాం. నువ్వు రాజువవుతావని ముగ్గురు మంత్రగత్తెలు జోస్యం చెబితే, మ్యాక్‌బెత్ అనే సేనాని తన రాజునే చంపే కథ అది. దాని మీద జపాన్ దర్శకుడు కురొసావా 'థ్రోన్ ఆఫ్ బ్లడ్' (1957), విశాల్ భరద్వాజ్ హిందీలో 'మక్బూల్' (2003), దిలీష్ పోతన్ మలయాళంలో 'జోజి' (2021) తీశారు. నేను మూడూ ఒకే ఆదివారం చూసి, రాత్రికి ఏ హత్య ఏ సినిమాలోదో తెలియక తల పట్టుకున్నాను. మీరు రోజుకొకటి చూడండి.

ముందు నాటకం చదవండి. అంత ఓపిక లేకపోతే కథ తెలుసుకుని, మొదటి అంకం మూడో రంగం, ఐదో అంకం మొదటి రంగం చదివినా పని జరుగుతుంది.

తర్వాత నోట్‌బుక్‌లో ఒక్కో సీనుకూ, పాత్రకూ సినిమాకొక గడి గీసుకుని, ముందు ఒక్క సీను పట్టుకోండి. సినిమా మొత్తం పోల్చబోతే 'అది బాగుంది, ఇది బాగాలేదు' దగ్గరే ఆగిపోతాం. నేను మంత్రగత్తెల జోస్యం పట్టుకున్నాను. కురొసావా ముగ్గురినీ తీసేసి, అడవిలో రాట్నం తిప్పుతూ పాడే ఒకే ఒక్క తెల్లటి ఆకారాన్ని కూర్చోబెట్టాడు. 'మక్బూల్'లో జోస్యం చెప్పేది ఇద్దరు పోలీసులు. మొదట్లోనే ఒకాయన తడిసిన వ్యాను అద్దం మీద వేలితో జాతక చక్రం గీస్తాడు. తిరుపతిలో జాతకం చూడకుండా పెళ్లిమాట ఎత్తని ఇళ్లు ఎన్నో, కాబట్టి ఆ చక్రం మనకు ఎవరూ వివరించక్కర్లేదు. కానీ తమాషా ఏమిటంటే, వీళ్లు జోస్యం చెప్పి ఊరుకోరు, అది జరిగేలా మధ్యలో వేలు కూడా పెడతారు. 'జోజి'లో జోస్యమే లేదు. నోట్‌బుక్‌లో ఆ గడి ఖాళీగా వదలండి, కొట్టేయొద్దు. చెప్పేవాళ్లు లేకుండా ఆ ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందన్నదే అక్కడి ప్రశ్న.

ఆ తర్వాత పాత్రల మధ్య వరసలు చూడండి, ఎవరికి ఎవరు ఏమవుతారో. నాటకంలో రాజును చంపమని ఎగదోసేది భార్య. 'మక్బూల్'లో ఆ పని చేసే నిమ్మి మక్బూల్ భార్య కాదు, చావబోయే పెద్దాయన దగ్గర ఉండే మనిషి. దాంతో హత్యలో పదవితో పాటు ప్రేమ కూడా కలిసింది. నాటకానికి ఎంత దగ్గరగా ఉందో చూసి మార్కులు వేసేవాళ్లు ఇలాంటివే వదిలేస్తారు.

చివరగా, నాటకం తెలియనివాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి. మా పెద్దమ్మకు 'జోజి' చూపించాను. సబ్‌టైటిల్స్ చదవలేదు, నేనే చెప్తూ వచ్చాను. అంతా అయ్యాక, జోజి వదిన గురించి, "ఆ వదిన వంటింట్లోంచి అంతా చూస్తానే ఉందిరా, ఒక్క మాట అడ్డం చెప్పలే" అంది. 'జోజి' కింద మ్యాక్‌బెత్ భార్య గడిలో అప్పటిదాకా నేనేమీ రాయలేదు.