పిల్లలపై లైంగిక వేధింపు జరిగిందన్న అనుమానం కలిగితే ఏం చేయాలి

విజయవాడ, గుంటూరు నగరాల్లోని రెసిడెన్షియల్ కళాశాలల్లో ఇంటర్ చదువుతున్న విద్యార్థుల్లో ఎక్కువమందికి పద్దెనిమిదేళ్ళు నిండలేదు కాబట్టి, చట్టం దృష్టిలో వారు బాలలే. బాలలను లైంగిక నేరాల నుంచి రక్షించడానికి 2012 నవంబరు 14న అమల్లోకి వచ్చిన పోక్సో చట్టంలోని 19వ సెక్షన్ ప్రకారం, బాలలపై లైంగిక నేరం జరిగిందని తెలిసిన వారెవరైనా, జరిగే అవకాశం ఉందని భయపడిన వారెవరైనా, ఆ సమాచారాన్ని స్థానిక పోలీసులకు గానీ ప్రత్యేక బాలల పోలీసు విభాగానికి గానీ అందించి తీరాలి. ఈ బాధ్యత వార్డెన్‌కూ లెక్చరర్‌కూ మాత్రమే పరిమితం కాదు. హాస్టల్ వంటమనిషికీ, ఆటో నడిపే వ్యక్తికీ, పక్కింటివారికీ, బంధువులకూ అంతే వర్తిస్తుంది.

ముందుగా గ్రహించవలసింది, నిజానిజాలు తేల్చడం మీ పని కాదన్న సంగతి. చాలా సంస్థల్లో ఇక్కడే తప్పు జరుగుతుంది: యాజమాన్యం నలుగురిని కూర్చోబెట్టి పంచాయితీ చేస్తుంది, బిడ్డ చేత పదేపదే జరిగింది చెప్పిస్తుంది, నిందితుణ్ణి మందలించి మరో బ్రాంచికి పంపేస్తుంది. ఇది ఆ బిడ్డకు రెండోసారి చేసే అన్యాయమని నా గట్టి అభిప్రాయం. ప్రిన్సిపాల్‌కు చెప్పినంత మాత్రాన మీ బాధ్యత తీరిపోదు. సమాచారం పోలీసులకు చేరాలి. నేరం జరిగిందని తెలిసి కూడా చెప్పని వ్యక్తికి ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. తన కింద పనిచేసే వ్యక్తి చేసిన నేరాన్ని దాచిపెట్టిన సంస్థ అధిపతికైతే ఏడాది వరకు జైలుతో పాటు జరిమానా కూడా ఉంటుంది.

బిడ్డ మీతో చెప్పుకుంటే, అడ్డు తగలకుండా వినండి. "నువ్వు చెప్పింది నమ్ముతున్నాను, నీ తప్పేమీ లేదు" అనండి గానీ, "ఎవరికీ చెప్పను" అని మాత్రం మాట ఇవ్వకండి. చట్టరీత్యా ఆ మాట మీరు నిలబెట్టుకోలేరు. బిడ్డ వాడిన మాటలనే, తేదీ, సమయం వేసి, మీ వ్యాఖ్యలు కలపకుండా రాసిపెట్టుకోండి. ఘటన ఈమధ్యనే జరిగి ఉంటే ఆ బట్టలు ఉతకవద్దు.

తర్వాత దగ్గరలోని పోలీసు స్టేషన్‌కు వెళ్ళండి, లేదా 112కు ఫోన్ చేయండి. బాలల సహాయం కోసం 1098 కూడా ఉంది. నేరం విజయవాడ పటమటలో జరిగి మీరు గుంటూరు అరండల్‌పేటలో ఉన్నా, పరిధి కాదన్న కారణంతో మీ ఫిర్యాదును తిప్పి పంపకూడదు. మీరు చెప్పింది రాసుకుని, నమోదు సంఖ్య ఇచ్చి, మీకు చదివి వినిపించాలి. పోలీసులు 24 గంటల్లోగా విషయాన్ని బాలల సంక్షేమ కమిటీకీ ప్రత్యేక కోర్టుకూ తెలియజేయాలి. బిడ్డ వాంగ్మూలాన్ని ఇంటి దగ్గరో, బిడ్డ కోరుకున్న చోటో, వీలైనంతవరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా నమోదు చేయాలి. బాలలను రాత్రిపూట స్టేషన్‌లో ఉంచడానికి వీల్లేదు.

ఆసుపత్రుల విషయం కొంచెం వివరంగా చెప్పాలి. ప్రభుత్వాసుపత్రి అయినా ప్రైవేటు నర్సింగ్ హోమ్ అయినా బాధిత బిడ్డకు ఉచితంగా వైద్యం చేయాలి. బాలిక అయితే పరీక్ష మహిళా డాక్టరే చేయాలి. పద్దెనిమిది నిండని అమ్మాయి గర్భంతో వస్తే డాక్టరు సమాచారం ఇవ్వవలసిందే. అయితే పరస్పర ఇష్టంతో ఏర్పడిన గర్భాన్ని తీయించుకోవడానికి వచ్చిన సందర్భంలో, ఆ అమ్మాయీ సంరక్షకులూ కోరితే, ఆ సమాచారంలో ఆమె పేరు, వివరాలు రాయనక్కరలేదని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరులో చెప్పింది. పేరు బయటపడుతుందన్న భయంతో అమ్మాయిలు నాటు వైద్యం దారి పట్టకుండా ఆపగల మాట ఇది. ప్రతి డాక్టరూ దీన్ని గుర్తుంచుకోవాలి.

అనుమానం తప్పని తేలితే మన మీద కేసు పడుతుందేమోనని చాలామంది వెనకాడతారు. సదుద్దేశంతో ఇచ్చిన సమాచారానికి సివిల్, క్రిమినల్ బాధ్యత ఏదీ ఉండదని అదే 19వ సెక్షన్ చెబుతోంది. అవమానించడానికో, డబ్బు గుంజడానికో, బెదిరించడానికో, పరువు తీయడానికో కావాలని అబద్ధం చెప్పినవారికే శిక్ష. "అమ్మాయి పేరు బయటపడుతుంది" అన్న భయానికీ చట్టంలో జవాబుంది: బాధిత బిడ్డ పేరు, ఫొటో, చిరునామా, బడి వివరాలు మీడియాలో బయటపెట్టడం నేరం. కాబట్టి మీరు కూడా ఈ విషయాన్ని వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి.

స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోకపోతే, రాతపూర్వకంగా పోస్టులో విజయవాడలో పోలీస్ కమిషనర్‌కు, గుంటూరులో జిల్లా ఎస్పీకి పంపి, రసీదు దాచుకోండి. సమాచారాన్ని నమోదు చేయకపోవడం కూడా పోక్సో 21వ సెక్షన్ కింద శిక్షార్హమే.