సంక్రాంతి సెలవుల్లో ఇన్స్‌బ్రుక్: ఊరూ చూడాలి, స్కీయింగూ చేయాలి అనుకునేవాళ్లకు

స్కీయింగ్ అంటే మనవాళ్లకు ముందు స్విట్జర్లాండే గుర్తొస్తుంది, అక్కడి రేట్లు చూశాక మనాలీ చాల్లే అనిపిస్తుంది. ఇంటిల్లిపాదీ వెళ్లేవాళ్లకు నేనైతే ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్ చెప్తాను. ఆరుగురు బయల్దేరితే స్కీ చేసేది ఇద్దరు, మహా అయితే ముగ్గురు. వట్టి స్కీ రిసార్ట్‌లో గది తీసుకుంటే మిగతావాళ్లు రోజంతా కిటికీలోంచి మంచు చూస్తూ కూర్చోవాలి. ఇన్స్‌బ్రుక్‌లో ట్రామ్‌లున్నాయి, కోటలున్నాయి, అయిదు వందల ఏళ్ల నాటి వీధులున్నాయి, స్కీ కొండలు అరగంట దూరంలోనే ఉన్నాయి. పొద్దున విడిపోయి సాయంత్రం అందరూ కలిసి టీ తాగొచ్చు.

జనవరి బాగుంటుంది. క్రిస్మస్ వారం హోటళ్ల రేట్లు మండిపోతాయి, ఫిబ్రవరిలో అక్కడి పిల్లలకు స్కూలు సెలవులు కాబట్టి కొండ పైకి చేర్చే లిఫ్టుల దగ్గర రద్దీ. మాకు మే నెలే కుదురుతుంది అంటారా, అప్పటికి ఊరి పక్క కొండల మీద స్కీయింగ్ అయిపోతుంది, 3,000 మీటర్లు దాటిన స్టూబాయ్ గ్లేసియర్ ఒక్కటే దిక్కు.

వీసా దగ్గర చాలామంది తికమక పడతారు. విమానం ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో మ్యూనిక్‌లోనో దిగినా సరే, ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే షెంగెన్ వీసా (యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే వీసా) అప్లై చేయాలి, అంటే ఇక్కడ ఆస్ట్రియాకి. ఆరు నెలల ముందు నుంచీ అప్లై చేసుకోవచ్చు, సంక్రాంతికి వెళ్లాలంటే దసరా అయిపోగానే మొదలుపెట్టండి. 30,000 యూరోల ఇన్సూరెన్స్ ఎలాగూ అడుగుతారు, కానీ మామూలు ట్రావెల్ పాలసీల్లో చాలావాటికి స్కీయింగ్ వర్తించదు. ఆ ఒక్క లైను చదవకుండా డబ్బులు కట్టొద్దు, కాలు విరిగి కొండ మీది నుంచి హెలికాప్టర్‌లో దించాల్సొస్తే ఆ బిల్లు మీ మెడకే చుట్టుకుంటుంది. శంషాబాద్ నుంచి గల్ఫ్ మీదుగానో ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగానో మ్యూనిక్ చేరితే, మ్యూనిక్ నగరం నుంచి ఇన్స్‌బ్రుక్‌కి రైల్లో రెండు గంటలలోపే.

బట్టల సంగతి. జీన్స్, కాటన్ పనికిరావు, ఒకసారి తడిస్తే ఆరవు. లోపల థర్మల్స్, మీద ఫ్లీస్, ఆపైన నీళ్లు లోపలికి రాని జాకెట్, ప్యాంటు. స్కీలు, బూట్లు, హెల్మెట్ అక్కడే అద్దెకు దొరుకుతాయి. బూటులో ఒకే జత సన్నటి సాక్స్ వేసుకోండి, రెండు జతలు వేస్తే మడతలు పడి కాలు ఒరుసుకుపోతుంది. మంచు మీద ఎండ రెట్టింపై కొడుతుంది కాబట్టి సన్‌స్క్రీన్, గాగుల్స్ తప్పనిసరి. వెళ్లే ముందు నెల రోజులు తొడలకు పని చెప్పండి, వారానికోసారి గోల్కొండ మెట్లెక్కి దిగినా చాలు. స్నో వరల్డ్‌లో గంట ఆడాం కదా అని ధీమా వద్దు.

చేరిన రోజు స్కీ జోలికి పోకుండా పాత ఊరు తిరగండి. గోల్డెన్ రూఫ్ అంటే బాల్కనీ మీద 2,657 బంగారు పూత రాగి పలకలు పరిచిన కప్పు, చక్రవర్తి మొదటి మాక్సిమిలియన్ కూర్చుని కింద చౌకులో పోటీలు చూడటానికి 1500 ప్రాంతంలో కట్టించాడు. ఫొటోల్లో పెద్దగా కనిపిస్తుంది గానీ నిజానికి చిన్నదే. నన్నడిగితే అంతకన్నా హోఫ్‌కిర్షే చర్చి గొప్పది: ఆ చక్రవర్తి సమాధి చుట్టూ 28 నిలువెత్తు కంచు విగ్రహాలు కాపలా కాస్తుంటాయి, తీరా చూస్తే సమాధి ఖాళీ, ఆయన్ని పూడ్చింది వియన్నా దగ్గరున్న వీనర్ న్యూస్టాట్‌లో. బెర్గీసెల్ స్కీ జంప్ టవర్ ఆర్కిటెక్ట్ జహా హదీద్ డిజైన్, పైన కాఫీ షాపు ఉంది. దూకేవాళ్లకు ఎదురుగా కనిపించేది శ్మశానం, ఎవరి ఆలోచనో మరి! ఇంకో సంగతి, వింటర్ ఒలింపిక్స్‌లో భారత్ తొలిసారి పాల్గొన్నది 1964లో, ఇక్కడే. ఆ ఏడు మంచు సరిగ్గా పడక ఆస్ట్రియా సైన్యం కొండల మీది నుంచి మోసుకొచ్చి పోసింది.

ఇన్స్‌బ్రుక్ కార్డ్ అనే టూరిస్టు పాస్ తీసుకుంటే మ్యూజియంలు, బస్సులు, ట్రామ్‌లతో పాటు ఊరి పక్కనున్న నోర్డ్‌కెట్టే కొండల కేబుల్ కారు ఒకసారి పైకీ కిందికీ అందులోనే వస్తుంది. స్కీ చేసేవాళ్లకు లిఫ్టులు కూడా కలిసిన పాస్ వేరే ఉంది. అమ్మానాన్నల్ని నోర్డ్‌కెట్టే పైకి తప్పకుండా తీసుకెళ్లండి, ఊరి మధ్య ఎక్కితే కేబుల్ కార్లు మారుతూ 2,256 మీటర్ల ఎత్తులో దిగుతారు. కానీ కొత్తవాళ్లు అక్కడ స్కీలు తొడగొద్దు, నిట్టనిలువు వాలు. దక్షిణం నుంచి ఫోన్ అనే వేడిగాలి వీచిన రోజు పై లిఫ్టులు ఆపేస్తారు, పొద్దున్నే వెబ్‌క్యామ్ చూసి బయల్దేరండి.

నేర్చుకోవడానికి ముట్టరర్ ఆల్మ్ లాంటి చిన్న కొండ చాలు. యూట్యూబ్ చూసి దిగిపోకుండా గ్రూప్ క్లాసులో చేరండి. మొదట నేర్పేది ఆగడమే: స్కీల ముందు కొసలు దగ్గరికి, వెనక కొసలు దూరంగా, మోకాళ్లు వంచి మడమల్ని బయటికి నెట్టాలి. భయమేసి వెనక్కి వాలారో, స్కీలు ముందుకు దూసుకుపోతాయి, ఒళ్లు ముందుకే ఉంచాలి. పడిపోతున్నాం అనిపిస్తే పక్కకి కూలబడండి. స్కీ దారులకు రంగు గుర్తులుంటాయి: నీలం సులువు, ఎరుపు మధ్యరకం, నలుపు వైపు చూడకండి. వాలు మీద మీకన్నా దిగువన ఉన్న మనిషిని తప్పించుకుని వెళ్లాల్సిన బాధ్యత మీదే, మన రోడ్ల మీదలా హారన్ కొట్టి పొమ్మనడం కుదరదు. ప్రమాదమైతే కొండ రెస్క్యూ నంబరు 140.

తిండికి టెన్షన్ అక్కర్లేదు. గుడ్డు తినే శాకాహారులకు చీజ్ వేసిన కేజెష్పెట్స్లే అనే నూడుల్స్, తియ్యగా కావాలంటే కైజర్‌ష్మార్న్ అనే ముక్కలు చేసిన పాన్‌కేక్ దొరుకుతాయి, గ్రోస్టెల్ అనే బంగాళాదుంప వేపుడులో మాత్రం మాంసం ఉంటుంది, అడిగి తినండి. కందిపొడి, ఆవకాయ గట్టిగా సీల్ చేసి పెట్టుకోవచ్చు గానీ నెయ్యి, పాలకోవా వద్దు, బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం తేనివ్వరు. ఆదివారం షాపులు దాదాపు అన్నీ మూసేస్తారు, పాలు, పెరుగు, బ్రెడ్ శనివారం సాయంత్రమే కొనిపెట్టుకోండి, మర్చిపోతే రైల్వే స్టేషన్‌లోని సూపర్ మార్కెట్‌కి వెళ్లాలి.