రబ్బరు కోటు కుట్టు దగ్గర కారుతుంటే

మిర్గం వస్తుందనగా దేవరకొండలోని నా కుట్టుమిషన్ ముందుకు రెయిన్‌కోట్లు వస్తాయి. అందరిదీ ఒకటే మాట: "అక్కా, భుజం కాడ కారుతుంది, ఇంకో కుట్టెయ్యి." నేను వేయను. సూది దిగిన ప్రతిచోటా ఒక బొక్క పడుతుంది. ఇంకో కుట్టు వేస్తే ఇంకో వరుస బొక్కలు!

ఇది పాత చిక్కే. గ్లాస్గోకు చెందిన చార్లెస్ మాకింటోష్ బొగ్గు తారు నుంచి తీసిన నాఫ్తాలో రబ్బరును కరిగించి, రెండు బట్టల మధ్య పూసి అతికించాడు. 1823లో దానికి పేటెంటు తీసుకున్నాడు. బట్ట నీళ్లను ఆపింది గానీ దర్జీలు కుట్టిన చోటల్లా కోటు కారింది. పైగా ఎండకు జిగురు, చలికి కట్టె. గంధకం కలిపి వేడిచేస్తే రబ్బరు నిలకడగా ఉంటుందని 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ అనే ఆయన కనిపెట్టాక ఆ బాధ తగ్గింది. సైకిల్ పంక్చర్లకు వాడే సొల్యూషన్ కూడా ద్రావకంలో కరిగిన రబ్బరే. మనకు కావలసిందీ అదే.

మా తాత గొంగడి కొప్పెర పెట్టుకొని గొర్లు కాసేవాడు. మా నాయిన సైకిల్ మీద ఉత్తరాలు పంచేవాడు, చేతులు ఖాళీగా ఉండాలి కాబట్టి రబ్బరు కోటే దిక్కు. దాని మీదే ఈ పని నేర్చుకున్నాను.

ముందు కారేచోటు దొరకాలి. భుజం భాగాన్ని దోసిలిలా పట్టి చెంబెడు నీళ్లు పోయండి. కాసేపటికి కింద కుట్టు వెంట ఆవగింజలంత చుక్కలు వరుసగా తేలుతాయి. అక్కడ సుద్దతో గీత పెట్టండి. బాగా ఆరాక లోపలివైపు, రబ్బరు కనిపించే చోట, గరుకు కాగితంతో మెల్లగా రుద్ది దుమ్ము తుడవండి. పాత రబ్బరు కోటు అంచు నుంచి అంగుళం వెడల్పు పట్టీ కత్తిరించి, మూలలు గుండ్రంగా చేయండి. చదరపు మూల ముందుగా లేస్తుంది.

సొల్యూషన్‌ను పట్టీకీ కోటుకూ రెంటికీ పలుచగా పూయండి. తొందరపడితే అంతా పాడు. వేలు పెడితే తడి అంటకూడదు, అప్పుడే అతికించాలి. మధ్య నుంచి అంచులకు గాజు సీసాతో గట్టిగా దొర్లించి, ఒక రోజు వదిలేయండి. తలుపులు తీసి పెట్టుకోండి. దగ్గర పొయ్యి, బీడీ ఉండొద్దు, ఆ ఆవిరి భగ్గున అంటుకుంటుంది.

మెరిసే ప్లాస్టిక్ కోట్లకు ఈ సొల్యూషన్ పట్టదు. రబ్బరు జిగురై చేతికి అంటుకుంటున్నా, పెళుసై పగులుతున్నా పట్టీ నిలవదు, అలాంటివి నేను తిప్పి పంపిస్తాను.

వాన తగ్గాక కోటును నీడన ఆరేయండి, ఇస్త్రీ వద్దు. కిరోసిన్, నూనె తగిలితే రబ్బరు ఉబ్బుతుంది. మడతపెడితే మడత దగ్గరే పగులుతుంది, అందుకే లోపల టాల్కం పౌడర్ చల్లి వెడల్పు హ్యాంగర్‌కు తగిలించండి. నాయిన కోటు నా మిషన్ వెనక అలాగే వేలాడుతోంది, ఎడమ భుజం మీద మూడు పట్టీలతో.