వచ్చే క్రిస్మస్‌కి ఇంటి పద్ధతులు, పండుగ వంటలు ఎలా మార్చుకోవాలి?

క్రిస్మస్ పద్ధతులు కొంచెం మార్చుకుందామని చాలా ఇళ్లలో అనుకుంటారు. అనుకునేది మాత్రం డిసెంబర్ రెండో వారంలో, ఇంటి మీద స్టార్ కట్టేశాక, క్యారల్స్ వాళ్లు ఏ రాత్రి వస్తారో కబురు అందాక. అప్పుడు ఎవరో ఒకరు ఫ్యామిలీ గ్రూపులో "ఈసారి వంటలు వద్దు, క్యాటరింగ్ చెప్పేద్దాం" అని మెసేజ్ పెడతారు. పెద్దావిడ మనసు కష్టపెట్టుకుంటుంది. ఆడపడుచు ఫోన్ ఎత్తదు. చివరికి పాత వంటలన్నీ ఇంట్లో చేస్తారు, క్యాటరింగ్ గిన్నెలూ వచ్చి కూర్చుంటాయి. ఏటా ఎవరింట్లోనో ఇది చూస్తూనే ఉన్నాను. దయచేసి ఇలా చేయకండి. మార్పుకి ఏడాది టైమ్ ఇవ్వాలి.

మాది గుంటూరు వైపు లూథరన్ కుటుంబం. పెద్ద కోడలిని కాబట్టి పండుగ వంట నా చేతి మీదుగానే నడుస్తుంది. ఏ మార్పు చేసినా నేను పెట్టుకున్న గీటురాయి ఒకటే: 25 ఉదయం ఆరాధనలో వంట చేసే మనిషి మొదటి పాట నుంచి చివరి ఆశీర్వాదం దాకా కూర్చోగలగాలి. క్రీస్తు పుట్టిన రోజున ఇల్లంతా గుడికి వెళ్లి, ఒక్క మనిషి పొయ్యి దగ్గర మిగిలిపోతే ఆ ఇంటి పండుగ పద్ధతి తప్పు. ఆమె "నాకేం ఫర్వాలేదు, మీరు వెళ్లండి" అన్నా సరే, తప్పే.

1. పండుగైన వారంలోనే రాసిపెట్టండి

నోటు పుస్తకం, పెన్ను చాలు. డిసెంబర్ 31 రాత్రి వాచ్ నైట్ సర్వీస్‌కి వెళ్లేలోపు రాసేయాలి, జనవరికి మర్చిపోతారు. ఏం వండారు, ఏది మిగిలింది, ఏది చాల్లేదు, ఎవరు ఎన్నింటికి లేచారు. ప్రతి వంటకం పక్కన రెండు పేర్లు రాయండి: అది కావాలని అడిగేది ఎవరు, చేసేది ఎవరు. చాలా ఇళ్లలో ఆ రెండో పేరు కింది దాకా ఒకటే ఉంటుంది. అది చూశాక ఇంకెవరికీ వివరించాల్సిన పని ఉండదు.

2. క్యాలెండర్ చూసుకోండి

2026లో క్రిస్మస్ శుక్రవారం వచ్చింది. పక్కింటివాళ్లను, బంధువుల్లో హిందువులను శనివారం భోజనానికి పిలుద్దామనుకుంటే ఆగండి. శనివారం మాంసం ముట్టనివాళ్లు మనలో బోలెడంతమంది. వాళ్లను ఆదివారానికి పిలవండి. లేదా శనివారమే పిలిచి పులిహోర, గారెలు, పరవాన్నంతో భోజనం పెట్టండి. క్యాథలిక్ చుట్టాలు శుక్రవారం మాంసం సంగతి అడుగుతారు. క్రిస్మస్ మహా పండుగ కాబట్టి ఆ రోజుకి శుక్రవారం నియమం వర్తించదు.

3. పెద్దవాళ్లతో మాట్లాడటం

అందరూ చెడగొట్టేది ఇక్కడే, కాబట్టి తొందరపడకుండా చదవండి.

ఎప్పుడు మాట్లాడాలంటే, సంక్రాంతి హడావుడి తగ్గాక, శ్రమల దినాలు (ఈస్టర్‌కి ముందు వచ్చే ఉపవాసాల రోజులు) మొదలయ్యేలోపు. అవి మొదలయ్యే భస్మ బుధవారం 2026లో ఫిబ్రవరి 18. ఉపవాసాల్లో ఉన్న మనిషి దగ్గర పండుగ వంటల మాట ఎత్తడం మర్యాద కాదు. ఫోన్లో వద్దు, వాట్సాప్‌లో అసలే వద్దు. కొడుకులంతా కలిసి వెళ్లి చుట్టూ కూర్చోవడం ఇంకా తప్పు, అది పంచాయితీలా ఉంటుంది. ఒక్కరే వెళ్లాలి, ఆ వంటలో పక్కన నిలబడి చేయి సాయం చేసినవాళ్లే వెళ్లాలి. ఎప్పుడూ జంతిక వత్తని మనిషి వచ్చి జంతికలు తగ్గిద్దాం అంటే ఎవరు వింటారు?

"మీకు ఓపిక లేదు కదా", "ఈ వయసులో మీకెందుకు" అని మాత్రం మొదలుపెట్టకండి. మనం ప్రేమతోనే అంటాం. వాళ్లకి మాత్రం "నీ పని అయిపోయింది" అన్నట్టు వినపడుతుంది. "మానేద్దాం" అనే మాట కూడా వాడకూడదు. ముందు అడగండి: ఈ వంట మనింటికి ఎలా వచ్చింది? మీ అమ్మగారు ఎవరితో కలిసి చేసేవారు? ఎవరికి పంపేవారు? అడిగి ఊరుకోండి. మధ్యలో మీ ఐడియా చెప్పకండి.

మా ఇంట్లో అరిసెలతో ఇదే జరిగింది. ఐదు కిలోల బియ్యం నానబోసి, దంచి, రాత్రి ఒంటిగంట దాకా వేయించేవాళ్లం. తినేవాళ్లు చూస్తే నలుగురు. అత్తయ్యను కూర్చోబెట్టి అడిగితే అప్పుడు చెప్పారు. డిసెంబర్‌కి కొత్త బియ్యం, కొత్త బెల్లం ఇంటికొస్తాయి. వాటితో చేసిన అరిసెలు మొదట గుడికి కానుకగా, తర్వాత వీధిలో ప్రతి ఇంటికీ వెళ్లేవట. సంక్రాంతికి ఆ ఇళ్ల నుంచి డబ్బాలు తిరిగొచ్చేవి, ఖాళీగా కాదు. అంటే ఆ అరిసెలు మేం తినడానికి కాదు, ఇచ్చిపుచ్చుకోవడానికి. అది తెలియకుండా "ఎవరూ తినట్లేదు, ఆపేద్దాం" అని ఉంటే ఆవిడకు ఎంత బాధ కలిగేదో! అసలు కారణం తెలిశాక లెక్క తేలికైంది. ఏయే ఇళ్లకు పంపాలో ఆవిడే పేర్లు చెప్పారు, రెండు కిలోలతో సరిపోయింది.

ఇంకో జాగ్రత్త. పని తీసేసుకోండి కానీ పెత్తనం తీసేసుకోకండి. మా ఇంట్లో ఇప్పుడు పిండి పట్టించేది మరిది, వేయించేది నేను, అరిసెల చెక్కతో నూనె ఒత్తేది పిల్లలు. పాకం దగ్గర మాత్రం కుర్చీ అత్తయ్యదే. పళ్లెంలో నీళ్లు పోసి, అందులో బెల్లం పాకం బొట్టు వేసి, వేలితో దగ్గరకు లాగి చూస్తారు. మెత్తగా ఉండ కట్టాలి, పళ్లెంలో పరుచుకుపోకూడదు. "ఊఁ, దించు" అని ఆవిడ అనేదాకా గిన్నె దించేవాళ్లు లేరు. పాకం ఒక్క క్షణం ముదిరినా అరిసె రాయి అవుతుంది. ఆ చూపు ఆవిడ దగ్గర నేర్చుకోవాల్సింది మనం.

మాట్లాడినప్పుడు వాళ్లు మౌనంగా ఉంటే ఒప్పుకున్నారని అనుకోకండి. టీ తాగి లేచి వచ్చేయండి. ఈస్టర్ అయ్యాక మళ్లీ ఎత్తండి. పైగా ఏడాదికి ఒక్క మార్పే. భోజనం, బట్టలు, బహుమతులు, ఎవరింట్లో కలవాలి అన్నీ ఒకేసారి మారిస్తే తర్వాతి ఏడాది అందరూ పాత దారిలోకే వెళ్లిపోతారు. ఆ ఏడాది ఇంట్లో ఎవరైనా పోయి ఉంటే అసలేదీ మార్చకండి. ఆ క్రిస్మస్‌కి ఏం చేయాలి, ఏం వద్దు అన్నది ఎక్కువ బాధలో ఉన్న మనిషే చెప్పాలి.

కొందరు గ్రూపులో ఓటింగ్ పెడతారు. అది నాకు నచ్చదు, ఎవరికీ సలహా ఇవ్వను కూడా. ఓటేసేవాళ్లు తినేవాళ్లు, ఫోన్ చూసే తీరిక లేనిది వండేవాళ్లకే. తలా ఒక వంటకం తెచ్చుకునే పద్ధతి కూడా పైకి బాగుంటుంది కానీ, తీరా చూస్తే నాలుగిళ్ల నుంచి చికెన్ ఫ్రై వస్తుంది, పెరుగు ఎవరూ తేరు. ఒక్కరి పుస్తకంలో పేర్లు రాసి పని పంచడమే మేలు.

4. మెనూ తగ్గించండి

మాంసం ఒక్కటే ఉండాలి, అది మటనే. మటన్, చికెన్, రొయ్యలు అన్నీ పెడితే ఏదీ గుర్తుండదు. దమ్ బిర్యానీ 25న పెట్టుకోకండి, దాని పక్కనుంచి కదలలేం. మటన్ కూర 24 సాయంత్రమే వండేయాలి. మర్నాటికి ఉప్పూకారం ముక్కకి పట్టి రుచి పెరుగుతుంది కూడా. వండాక వెడల్పు గిన్నెల్లోకి తీసి చల్లార్చి, రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టండి. మర్నాడు గోరువెచ్చగా కాదు, కూరంతా తెర్లేదాకా మరిగించాలి.

గుడి నుంచి వచ్చాక పలావు ఒక్కటే వండుకోవాలి, ముప్పావు గంట పని. ఇరవై మందికి రెండున్నర కిలోల బియ్యం, నాలుగు కిలోల మటన్ వేసుకోండి. పెరుగు పచ్చడి, పులిహోర ఉంటే చాలు. పులిహోర మానకండి, మాంసం తినని చుట్టం ఎవరో ఒకరు ఉంటారు. వాళ్లది వేరే గిన్నె, వేరే గరిటె, ముందే తీసి మూత పెట్టాలి.

5. పిండివంటలు ముందుకు జరపండి

అరిసెలు, గులాబీ పువ్వులు, జంతికలు 20వ తేదీలోపు అయిపోవాలి, నిల్వ ఉంటాయి. ప్లమ్ కేకు ఇంట్లోనే చేయండి. ఎండు ద్రాక్ష, ఖర్జూరం, జీడిపప్పు నారింజ రసంలో నానేసి ఫ్రిజ్‌లో పెడితే రెండు రోజులకే సిద్ధం. టూటీ ఫ్రూటీ వేయకూడదు. సెమీ క్రిస్మస్‌కి (పండుగకి ముందే డిసెంబర్‌లో చేసుకునే వేడుకకి) చిన్న కేకు చేసి చూసుకుంటే ఓవెన్ వేడి లెక్క తెలుస్తుంది.

6. 24 రాత్రి

కూర ఫ్రిజ్‌లో ఉందా, ఉల్లిపాయలు కోసి డబ్బాలో పెట్టారా, పలావు గిన్నె కిందికి దించారా చూసుకోండి. బియ్యం మాత్రం నానబోయకండి, ఆ పని గుడి నుంచి వచ్చాకే. డల్లస్‌లోనో మరెక్కడో ఉన్న పిల్లలకు వీడియో కాల్ టైమ్ ఆ రాత్రే చెప్పేయండి. మనకు 25 రాత్రి ఎనిమిదిన్నర అంటే డల్లస్‌లో అదే రోజు ఉదయం తొమ్మిది. భోజనాల మధ్యలో ఫోన్ మోగదు, వంట చేసినవాళ్లూ వాళ్లతో కూర్చుని మాట్లాడొచ్చు.