వరదకు గట్టెక్కాలి, తుపానుకు గట్టు దిగాలి: గోదావరి డెల్టా పల్లెలకు ముందుజాగ్రత్తలు

డెల్టాకు జూలై నుంచి డిసెంబరు దాకా రెండు ప్రమాదాలు వంతులేసుకుని వస్తాయి. జూలై, ఆగస్టు, సెప్టెంబరుల్లో పైనుంచి గోదారి వరద. అక్టోబరు వచ్చిందంటే సముద్రం మీంచి తుపాను. వేసవి చివర ఏప్రిల్, మే నెలల్లోనూ తుపాన్లు లేకపోలేదు. రెంటికీ ఒకే సంచి సర్దుకోవచ్చు గానీ, రెంటికీ ఒకే చోటికి పరుగెత్తితే ప్రాణాల మీదికి వస్తుంది. వరదకు ఏటిగట్టే దిక్కు. తుపాను రాత్రి అదే గట్టు మీద టార్పాలిన్ కింద కూర్చోవడమంత పొరపాటు లేదు. వరదకు సామాను అటకెక్కిస్తే దక్కుతుంది. తుపానుకు పెంకులు లేచిపోయాక ముందు తడిసేది అటకే.

మీ ఇంటి అంకె

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ప్రవాహం లెక్కలో దాదాపు 10, 13, 17 లక్షల క్యూసెక్కులు. టీవీలో ఇవి వింటూ కూర్చుంటే ఏమీ తేలదు. మీకు కావలసింది మీ ఇంటి అంకె. ఎన్ని లక్షలకు కాజ్‌వే మునుగుతుంది, ఎన్ని లక్షలకు నీళ్లు వీధిలోకి వస్తాయి, ఎంతకు అరుగెక్కుతాయి? పాత వరదల్లో గోడ ఎంత ఎత్తున తడిసిందో పెద్దవాళ్లను అడగండి. అక్కడ పెయింటుతో గీత గీసి, ఆ ఏడు ధవళేశ్వరం దగ్గర ఎంత వచ్చిందో పక్కన రాయండి. 1986 ఆగస్టులో 35 లక్షలు, 2022 జూలైలో 25 లక్షల పైచిలుకు. ఆ తర్వాత ఇల్లు మెరక చేసినా, ఊరికి కొత్త రోడ్డు ఎత్తుగా వేసినా ఆ లెక్క మారిపోతుంది. రోడ్డు ఎత్తు పెరిగితే ఒక పక్క నీళ్లు ఆగుతాయి, తూములు చాలకపోతే రోజుల తరబడి కదలవు.

ఎగువన భద్రాచలంలో హెచ్చరికలు 43, 48, 53 అడుగులు. 1986లో అక్కడ 75.6, 2022లో 71.3 అడుగులు నమోదైంది. అక్కడి నీళ్లు ధవళేశ్వరం చేరడానికి సుమారు ఒక రోజు, లంకలకు (ఏటి మధ్య దీవుల్లాంటి ఊళ్లకు) దిగడానికి మరికొన్ని గంటలు పడుతుంది. మీకున్న వ్యవధి అదే. అయితే భద్రాచలం ఒక్కటే చూసి ‘తగ్గుతోంది’ అనుకోకండి. శబరి నది గోదారిలో కలిసేది దానికి దిగువన, కూనవరం దగ్గర. శబరి పొంగితే భద్రాచలంలో తగ్గుతూ ఉన్నా ధవళేశ్వరంలో పెరుగుతూనే ఉంటుంది. అందుకే కూనవరం మట్టం కూడా కనుక్కోండి. ఏరు సముద్రంలో కలిసే ఏటిమొగలకు దగ్గరి ఊళ్లు పంచాంగం కూడా చూడాలి. అమావాస్య, పౌర్ణమి పోటు సమయానికి వరద వస్తే సముద్రం నీటిని తీసుకోదు, డ్రెయిన్లు వెనక్కి తంతాయి.

ఏటా పుట్టే పుకారు ఒకటుంది: ‘రాత్రికి బ్యారేజీ గేట్లు ఎత్తేస్తున్నారట’. పెద్ద వరదకు 175 గేట్లూ ముందే ఎత్తేసి ఉంటాయి. ధవళేశ్వరంలో నిలిచేది 3 టీఎంసీల లోపే, అది వరదను ఆపే జలాశయం కాదు. వచ్చిన నీళ్లు వచ్చినట్టే పోతాయి.

గట్టు మీద కాపలా

ఏటిగట్టు తెగేది పైనుంచి పొర్లి మాత్రమే కాదు, లోపల తొలుచుకుపోయి కూడా. ఎలుక బొరియలు, పీత కన్నాలు, చెట్టు నరికాక కుళ్లిన మొద్దు వేళ్లు, పాత తూముల అంచులు నీటికి దారులు. వర్షాలకు ముందే గట్టు మీద తుప్పలు కొట్టిస్తే బొరియలు కనిపిస్తాయి, తవ్వి బంకమన్ను దిమ్మిస కొట్టి పూడ్చాలి. వరదలో పొలం వైపు గట్టు అడుగున ఊట కనిపిస్తే దాని రంగు చూడండి. తేట నీరు వస్తుంటే కాపలా పెడితే చాలు. బురదగా, ఇసుక తోడుకుంటూ బుగ్గలా ఉబుకుతుంటే గట్టు కరుగుతోందని అర్థం. కంగారులో అందరూ చేసే తప్పు ఆ కన్నంలో బస్తా కుక్కడం. నీరు పక్కనుంచి ఇంకో దారి చూసుకుంటుంది. బుగ్గ చుట్టూ ఇసుక బస్తాలతో బావి ఒరలా కట్ట కట్టి, లోపల నీటిమట్టం పెరగనివ్వాలి. ఆ నీటి బరువుకు ఊట వేగం తగ్గి, ఇసుక రావడం ఆగుతుంది. నీరు తేటపడ్డాక దాన్ని పైనుంచి పొర్లనిస్తే చాలు. వెంటనే జలవనరుల శాఖ వాళ్లకు, గ్రామ సచివాలయానికి చెప్పాలి. బస్తా సగం కంటే కొంచెం ఎక్కువే నింపాలి, నిండుగా కుట్టేస్తే గుండ్రాయిలా దొర్లి సందులు మిగులుతాయి. ఇటుక పేర్చినట్టు అతుకు మీద అతుకు రాకుండా వేయాలి. యూరియా సంచులు ఒకదాని మీద ఒకటి జారతాయి, గోనెసంచులు దొరికితే అవే మేలు.

తుపాను ఎటు దాటుతుంది?

‘మచిలీపట్నం దగ్గర దాటుతుందట, మనకేం కాదు’ అనే మాట కోనసీమలో చాలా ప్రమాదం. మన తీరంలో తుపాను గాలి గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. అందువల్ల కేంద్రం దాటిన చోటికి ఉత్తరాన ఉన్న ఊళ్లకు గాలి సముద్రం మీంచి వస్తుంది, ఉప్పెనను తోసుకొచ్చేది ఆ వైపే. తుపాను మీకు దక్షిణాన దాటుతుంటే జాగ్రత్త పెరగాలి. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ, కాకినాడ ప్రాంతాల్లో వెయ్యి మందికి పైగా పోయారు. కొబ్బరి తోటలు నేలకూలాయి.

కేంద్రం మీ ఊరి మీంచే వెళితే గాలి ఒక్కసారిగా ఆగుతుంది. కొన్నిసార్లు చుక్కలు కూడా కనబడతాయి. అదే మోసం. కొంతసేపటికి గాలి ఎదురు వైపు నుంచి విరుచుకుపడుతుంది. అంతకుముందు ఉత్తరం, ఈశాన్యం నుంచి కొట్టినది ఇప్పుడు దక్షిణం, నైరుతి నుంచి కొడుతుంది. అప్పటికే వదులైన చెట్లు, గోడలు ఈ రెండో దెబ్బకు పడతాయి. పెంకులు సర్దుదామనో గేదెను చూద్దామనో ఆ సందులో బయటికి రాకండి.

తాటాకిల్లు, రేకుల షెడ్డు, కొబ్బరి చెట్ల కింద పెంకుటిల్లు ఉన్నవాళ్లు ముందురోజు మధ్యాహ్నానికే డాబా బడికో తుపాను షెల్టరుకో చేరాలి. డాబాలో అయినా గాలి వచ్చే వైపు కిటికీలకు దూరంగా, లోపలి గదిలో ఉండాలి. కాకినాడ రేవులో 8, 9, 10 నంబరు హెచ్చరిక ఎగరేశారంటే అతి ప్రమాదమని. 11 అంటే సమాచార సంబంధాలే తెగిపోయాయని.

ఇంట్లో

తాగడానికి, వంటకు మనిషికి రోజుకు 4 లీటర్లు, మూడు రోజులకు సరిపడా ఉండాలి. ఐదుగురికి 60 లీటర్లు, అంటే 20 లీటర్ల టిన్నులు మూడు. అటుకులు, బెల్లం, వేరుశెనగపప్పు, చంటిబిడ్డకు పాలపొడి, బీపీ, షుగర్ మాత్రలు, ఓఆర్‌ఎస్ పాకెట్లు, అగ్గిపెట్టె, టార్చి. పాసుపుస్తకం, ఆధార్, రేషన్ కార్డులను రెండు పాలిథిన్ కవర్లలో చుట్టి సంచిలో పెట్టండి, ఫోటో తీసి ఇంకో ఊళ్లో ఉన్న చుట్టానికి పంపండి. గ్యాస్ సిలిండర్ నీటిలో తేలుతుంది. రెగ్యులేటర్ తీసేసి, మూత పెట్టి, స్తంభానికి కట్టాలి. మెయిన్ స్విచ్ నీళ్లు గడప దాటక ముందే ఆపాలి. దాటాక తడి కాళ్లతో వెళ్లి ఆపబోతే ప్రాణమే పోవచ్చు.

పశువులను మెరకకు తోలండి. వీలు కాకపోతే పలుపు విప్పి వదిలేయండి, కట్టేసిన గేదె ఈదలేదు. గొంతువాపు, జబ్బవాపు టీకాలు వర్షాలకు ముందే వేయించాలి.

చేలో, తోటలో

నవంబరు తుపాను సార్వా (ఖరీఫ్) వరి కోతల మీద పడుతుంది. కోసి పనల మీద ఉంటే వాన రాకముందే కుప్ప వేయండి. తడిసిపోయాయా, 5 శాతం ఉప్పునీళ్లు కొట్టాలి: ఎకరాకు 200 లీటర్ల నీటికి 10 కిలోల కల్లుప్పు. దాంతో గింజ త్వరగా మొలకెత్తదు. పడిపోయిన చేలో ముందు బోదెలు తీసి నీళ్లు పోనివ్వాలి. కొబ్బరి దింపు రెండు రోజుల ముందే ముగించండి, ముదురు కాయలు, ఎండు మట్టలు తీస్తే తలబరువు తగ్గుతుంది. గాలి మొదలయ్యాక దింపు కార్మికుణ్ని చెట్టెక్కమనడం నేరమే. ఈ-పంటలో (ప్రభుత్వ పంట నమోదులో) లేని చేనుకు నష్టం రాయించడం కష్టం, ఆ పని తుపానుకు ముందే చూసుకోండి.

నీళ్లు తీశాక

ఒరల బావి మునిగితే తొందరపడి మోటారు పెట్టి ఒక్కసారిగా తోడేయకండి. చుట్టూ నేల నానివుంటుంది, లోపల నీరు తగ్గగానే ఒరలు కూలతాయి. సముద్రానికి దగ్గరైతే అడుగునుంచి ఉప్పునీరు ఎక్కుతుంది. కొంచెం కొంచెంగా తోడి, 5 వేల లీటర్ల నీటికి కిలో బ్లీచింగ్ పౌడర్ బకెట్లో కలిపి, తేర్చిన నీళ్లు పోసి రాత్రంతా ఉంచాలి. మర్నాడు ఘాటు పోయేదాకా తోడేయాలి. ఆ తర్వాత రోజూ వెయ్యి లీటర్లకు 2.5 గ్రాములు చాలు. వేసిన గంటకు గానీ నీళ్లు తోడుకోకూడదు. ఈ లెక్కలన్నీ కొత్త పౌడరుకే, ఘాటు పోయిన పాత డబ్బా పనికిరాదు.

కట్లపాములు, నాగుపాములు మెరక వెతుక్కుంటూ గడ్డిమేటులోకి, చాపల కిందికి చేరతాయి. కట్లపాము కాటుకు నొప్పి దాదాపు ఉండదు, పడుకున్నవాళ్లకు తెలియకపోవచ్చు. పొద్దున లేవగానే కనురెప్పలు వాలుతున్నాయన్నా, మింగలేకపోతున్నానన్నా ఆలస్యం చేయకండి. తాడు బిగించడం, కోయడం వద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా కర్రకు కట్టి, 108కి ఫోన్ చేసి, యాంటీవెనం ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. విపత్తు కంట్రోల్ రూమ్ 1070, కరెంటు తీగ తెగిపడితే 1912.